ఫోస్టర్ కుటుంబానికి ఇరుగుపొరుగు ఎలా తోడుండాలి: విశాఖ కాలనీలు, అపార్ట్‌మెంట్ల కోసం ఆచరణ క్రమం

"మా అపార్ట్‌మెంట్‌లో ఒక కుటుంబం ఫోస్టర్ కేర్ కింద ఒక పిల్లవాడిని ఇంటికి తెచ్చుకుంది. మేము ఏం చేస్తే బాగుంటుంది?" మధురవాడ నుంచి, గాజువాక నుంచి, ఎంవీపీ కాలనీ నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంది. అడిగినవారిలో చాలామంది మనసులో అప్పటికే ఒక జవాబు ఉంటుంది: సన్మానం. దాని సంగతి తర్వాత చూద్దాం. అంతకు ముందు చేయాల్సిన పని చాలా ఉంది, దానికో వరుస కూడా ఉంది.

ఇది పిల్లలను ఇంట్లో ఉంచుకుంటున్న దంపతుల కోసం రాసింది కాదు. వారి పక్క ఫ్లాటులో, కింది అంతస్తులో, వీధి చివరి కొట్టులో ఉండే మన కోసం.

1. ఇది దత్తత కాదు, ముందు ఆ తేడా తెలుసుకోండి

ఫోస్టర్ కేర్ అంటే సొంత ఇంట్లో ఉండలేని బిడ్డను మరో కుటుంబం కొంతకాలం తమ ఇంట్లో పెంచడం. బిడ్డను ఆ కుటుంబానికి అప్పగించేది బాలల సంక్షేమ కమిటీ, అంటే సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో నిర్ణయాలు తీసుకునే అధికారిక కమిటీ. బాలల న్యాయ చట్టం, 2015 లోని 44వ సెక్షన్ ప్రకారం, గడువు ఉన్న ఉత్తర్వుతో ఇది జరుగుతుంది. గడువు పొడిగించవచ్చు, బిడ్డ సొంత కుటుంబం దగ్గరికి తిరిగి వెళ్లిపోనూవచ్చు. కన్నవారితో చట్టపరమైన బంధం తెగదు. ఇంటిపేరు, కులం, ఆస్తి హక్కు ఏవీ మారవు. కమిటీ అభ్యంతరపెడితే తప్ప కన్నవారు వచ్చి చూసిపోవచ్చు. కమిటీ ఆ ఇంటిని నెలనెలా తనిఖీ చేయాలని చట్టమే చెబుతోంది.

2024లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లలను ఫోస్టర్ కుటుంబాలకు ఇస్తారు. పెళ్లికాని వారు, ఒంటరివారు కూడా అర్హులే. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడికి మగపిల్లవాడినే ఇస్తారు. దత్తతకు చట్టపరంగా అర్హత ఉన్న బిడ్డయితే, రెండేళ్లు కలిసి ఉన్నాక అదే కుటుంబం దత్తత కోరే వీలు ఉంది. ఇది అన్ని సందర్భాల్లోనూ జరిగేది కాదు. అందుకే "ఇంకేం, ఇక మీ బిడ్డే కదా" అని ఎవరితోనూ అనకండి. ఆ మాట విన్న పిల్లవాడికి తన తల్లి పేరును ఎవరో కొట్టివేసినట్టు అనిపిస్తుంది. విన్న పెద్దలకు లేనిపోని ఆశ పుడుతుంది.

2. కుటుంబం కోసం మీరు వెతకవద్దు

జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి (డీసీపీయూ) వెళ్లి "ఫోస్టర్ కుటుంబాల జాబితా ఇవ్వండి" అంటే ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. మీరు ఒక ఉత్తరం ఇచ్చి రండి. వారు దాన్ని కుటుంబాలకు చేరవేస్తారు, కావలసినవారు మీకు ఫోన్ చేస్తారు. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"మేము ఫలానా కాలనీలో ఉంటున్న అయిదు కుటుంబాలం. మీ పర్యవేక్షణలో ఉన్న ఫోస్టర్ కుటుంబాలకు వారానికోసారి వంట, బడికి దింపడం, చదువు చెప్పడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం వంటి పనుల్లో సాయపడగలం. కుటుంబాల వివరాలు మాకు అవసరం లేదు. ఈ ఉత్తరాన్ని, మా ఫోన్ నంబరును వారికి అందజేయగలరు."

విభాగం మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ కింద పనిచేస్తుంది. ఆఫీసు ఎక్కడో తెలియకపోతే వార్డు సచివాలయంలోని మహిళా పోలీసును అడగండి. జిల్లాల విషయంలో ఒక మాట: 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా మూడు ముక్కలయింది. మీ పక్కింటి బిడ్డది పాడేరు వైపు ఊరయితే కాగితాల్లో కొంత అల్లూరి సీతారామరాజు జిల్లాలో, కొంత ఇక్కడ ఉండవచ్చు. ఒక సంతకం కోసం రెండు కలెక్టరేట్లు తిరగాల్సిన కుటుంబానికి బండి నడిపేవారు దొరికితే అదే పెద్ద సాయం.

కుటుంబం మీ అపార్ట్‌మెంట్‌లోనే ఉండి, విషయం మీకు ముందే తెలిసి ఉంటే ఉత్తరం అక్కర్లేదు. అయితే తలుపు తట్టే ముందు ఫోన్ చేసి అడగండి.

3. చిన్న బృందం, ఒకే గొంతు

నాలుగైదు ఇళ్లు చాలు. నలభై మందితో వాట్సాప్ గ్రూపు పెడితే శుభోదయం బొమ్మలు తప్ప పని జరగదు. పైగా బిడ్డ సంగతులు నలుగురి నోళ్లలో నానుతాయి.

కుటుంబంతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. మిగిలినవారు ఆ మనిషి ద్వారానే మాట్లాడాలి. లేకపోతే "పిల్లవాడు తిన్నాడా" అని ఒకే రోజు అయిదుగురు ఫోన్ చేస్తారు. అయిదుగురికీ జవాబు చెప్పేసరికి ఆ ఇల్లాలికి పొద్దు గూకుతుంది.

మొదటి రోజే ఈ నియమాలు ఒప్పుకున్నవారినే చేర్చుకోండి:

☐ బిడ్డతో బయటి పెద్దలెవరూ తలుపు వేసి ఒంటరిగా ఉండరు. ట్యూషన్ అయినా హాల్లోనే, ఇంట్లో పెద్దవారు ఉండగానే.
☐ ఎవరెవరు బిడ్డతో సమయం గడుపుతారో వారి పేర్లు ముందే డీసీపీయూకు తెలుపుతాం.
☐ బిడ్డ గతం గురించి అడగం. తెలిసినా మరొకరికి చెప్పం.
☐ ఫోటోలు తీయం. స్టేటస్‌లో పెట్టం.
☐ ఒప్పుకున్న పని చేయలేకపోతే ముందు రోజే చెబుతాం.

చివరి నియమం చిన్నదిగా కనబడుతుంది కానీ బృందాలు కూలిపోయేది సరిగ్గా అక్కడే. ఉత్సాహంగా మొదలుపెట్టి మూడో వారానికి మాయమయ్యేవారికన్నా, "నెలకు ఒక్క ఆదివారమే వీలవుతుంది" అని నిజం చెప్పేవారు నయం. వచ్చిపోయే మనుషులను ఈ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు.

4. "ఏదైనా కావాలంటే చెప్పండి" అనవద్దు

మర్యాద కోసం మనం అనే ఈ మాటకు అంతే మర్యాదగా "తప్పకుండా అండీ" అని జవాబు వస్తుంది. కథ అక్కడితో ముగుస్తుంది. మన ఇళ్లలో సాయం అడగడం అంత సులువు కాదు. మీరే పని పేరు, రోజు, వేళ చెప్పి అడగాలి: "మంగళవారం రాత్రి పప్పు, కూర, చపాతీలు మేం పంపుతాం. ఏడున్నరకు వీలవుతుందా?" దీనికి అవుననో కాదనో చెప్పడం తేలిక.

మొదటి సమావేశం అరగంట దాటకూడదు. బిడ్డ ఎదురుగా అసలు వద్దు. ఇవి మాత్రం కనుక్కోండి:

☐ పొద్దున బడికి పంపే వేళ, సాయంత్రం, రాత్రి: రోజులో దేనికి ఎక్కువ ఇబ్బందిగా ఉంది?
☐ బిడ్డ తినేవి, తిననివి, పడనివి
☐ ఇంట్లో సొంత పిల్లలుంటే వాళ్లు ఎలా ఉన్నారు?
☐ చుట్టుపక్కల వారికి ఏం చెప్పాలనుకుంటున్నారు, ఎంతవరకు?
☐ ఈ నెలలో కమిటీ ముందు హాజరు, ఆసుపత్రి, బడి సమావేశం వంటి తేదీలు

మూడో ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. కొత్తగా వచ్చిన బిడ్డ చుట్టూ ఇల్లంతా తిరుగుతుంటే, ఆ ఇంటి సొంత కూతురో కొడుకో మూలన పడతారు. ఆ పిల్లను శనివారం మీ అమ్మాయితో పాటు ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి తీసుకెళ్లడం కూడా ఫోస్టర్ కుటుంబానికి చేసే సాయమే. నా లెక్కలో చాలా విలువైన సాయం.

5. మొదటి నెల

అన్నిటికన్నా ఇబ్బంది ఇక్కడే. తప్పులూ ఇక్కడే ఎక్కువ.

మొదటి వారం చూడటానికి వెళ్లకండి. కొత్తగా బిడ్డ పుట్టిన ఇంటికి వెళ్లినట్టు పళ్లు పట్టుకుని బయలుదేరడం మన అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. ముక్కూ మొహం తెలియని పదిమంది వచ్చి బుగ్గ గిల్లితే ఆ పిల్లవాడికి తాను మళ్లీ ఏదో తనిఖీలో ఉన్నట్టే ఉంటుంది. భోజనం గుమ్మం దగ్గర ఇచ్చి వెనక్కి రండి.

బట్టలు, చెప్పులు కొనాలనుకుంటే కొలత అడిగి కొనండి. మీ పిల్లలకు పొట్టివైపోయిన బట్టలను ఆ ఇంటివారు అడిగితేనే ఇవ్వండి. ఇస్తే ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలన్నీ ఉన్నాయో లేదో చూసి ఇవ్వండి. లోదుస్తులు, బడి సంచి, పళ్లు తోముకునే బ్రష్షు, దుప్పటి మాత్రం కొత్తవే. నాదీ అని చెప్పుకోవడానికి ఆ బిడ్డకు ముందు దొరికేవి అవే.

తిండి దాచుకోవడం గురించి. దిండు కింద ఇడ్లీ ముక్క, జేబులో బిస్కెట్లు, పుస్తకాల సంచిలో ఎండిపోయిన చపాతీ: ఇవి కనిపిస్తే పెద్దలు కంగారు పడతారు. "మా ఇంట్లో తిండికి లోటా?" అని నొచ్చుకునేవారూ ఉన్నారు. అది దొంగతనం కాదు, మీ వంటకు వంక కూడా కాదు. రేపు ఉంటుందో ఉండదో తెలియకుండా గడిపిన రోజుల అలవాటు అది. మందలిస్తే దాచే చోటు మారుతుంది, అంతే. దీనికి పనిచేసే ఉపాయం ఒకటుంది: మూత గట్టిగా పట్టే ఒక స్టీలు డబ్బా బిడ్డ మంచం పక్కన పెట్టి, అందులో ఏముండాలో బిడ్డనే ఎంచుకోనివ్వడం. వేరుశనగ చిక్కీ, మరమరాలు, ఖర్జూరం వంటి చెడిపోనివి మేలు. ఖాళీ అయితే అడగకుండానే నింపాలి. ఎన్ని తిన్నావని లెక్క అడగకూడదు. ఆ డబ్బా నింపే పని బృందంలో ఒకరు తీసుకోవచ్చు.

ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చిన బిడ్డకు మన కూరల కారం, పులుపు ఎక్కువ కావచ్చు. చోడి (రాగి) అంబలి అడిగితే ఆశ్చర్యపోకండి. ఇంటి భాష తెలుగు కాకపోతే ఆ భాష మాట్లాడేవారు దొరుకుతారేమో డీసీపీయూను అడగమని కుటుంబానికి గుర్తుచేయండి.

ఇక ఇరుగుపొరుగు ప్రశ్నలు. లిఫ్టులో, రైతుబజారులో, మెట్ల మీద ఎవరో ఒకరు అడుగుతారు: "ఎవరమ్మా వీడు? మీ తమ్ముడి కొడుకా?" జవాబు ముందే సిద్ధంగా ఉండాలి, బృందమంతా అదే చెప్పాలి. "వాళ్లింట్లోనే ఉంటున్నాడు పిన్నిగారూ. మీ మనవడి ఈడే, సాయంత్రం కిందికి పంపండి, ఆడుకుంటారు." అంతకు మించి కూపీ లాగేవారికి "అది వాళ్లింటి విషయం అండీ" అంటే చాలు. ఈ మాట కుటుంబం అంటే గొడవ, పక్కింటివారు అంటే పెద్దరికం. కాబట్టి మీరే అనండి.

గుడిలో ఇంకో చిక్కు. సింహాచలంలోనో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరో అర్చనకు నిలబడితే "గోత్రం?" అని అడుగుతారు. జవాబు తెలియని పిల్లవాడు వరుసలో అందరి ముందు బిక్కచచ్చిపోతాడు. వెంట వెళ్లినవారు ముందే పూజారిగారితో "పేరు మీద చేయండి, చాలు" అని చెప్పి ఉంచండి. అసలు ఆ బిడ్డ ఏ మతపు ఇంట పుట్టిందో, గుడికి రావడం ఇష్టమో కాదో ముందు కనుక్కోవాలి.

బయటికి తీసుకెళ్లడం: కుర్సురా జలాంతర్గామి మ్యూజియం మొదటి వారాలకు తగదు. లోపల ఇరుకు, వెనక్కి తిరిగే చోటు లేదు, వెనక జనం తోస్తుంటారు. బీచ్ రోడ్డు పొద్దున్నే మంచిది. సముద్రం ఎన్నడూ చూడని బిడ్డయితే చేయి వదలకండి. ఆర్కే బీచ్‌లో అలలు లోపలికి లాగేస్తాయి.

6. బడి

బదిలీ పత్రం ఆలస్యమైందనో, వయసు ధ్రువీకరణ లేదనో ప్రవేశం నిరాకరించకూడదని 2009 నాటి విద్యా హక్కు చట్టం చెబుతోంది. ఆరేళ్ల నుంచి పధ్నాలుగేళ్ల వరకు వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేకంగా చెప్పాలి. కుటుంబంతో పాటు కమిటీ ఉత్తర్వు నకలు పట్టుకుని హెడ్మాస్టరు గదికి వెళ్లే మనిషి ఒకరుంటే సగం పని అయినట్టే. బృందంలో రిటైరైన ఉపాధ్యాయులుంటే వారినే పంపండి.

ఉత్తర్వు నకలు హెడ్మాస్టరుకు, తరగతి ఉపాధ్యాయురాలికి తప్ప ఎవరికీ చూపనక్కర్లేదు. దరఖాస్తులో తండ్రి పేరు గడిలో ఏం రాయాలో ముందే డీసీపీయూను అడగండి. "మా కుటుంబ వృక్షం", "నా చిన్ననాటి ఫోటో" వంటి ప్రాజెక్టులు వస్తే బిడ్డకు వేరే అంశం ఇమ్మని ఉపాధ్యాయురాలికి ముందుగానే చెప్పి ఉంచాలి.

7. డబ్బు, వస్తువులు

కేంద్రం బాలల పరిరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ఫోస్టర్ కేర్‌లో ఉన్న బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. అది అందడం ఆలస్యమైతే ఇంటి ఖర్చు ఆగదు. అలాంటప్పుడు బృందం బడి ఫీజో, మందుల బిల్లో నేరుగా కట్టడం మంచిది. బిడ్డ చేతిలో నోటు పెట్టవద్దు. "వాళ్లకు డబ్బు వస్తుంది కదా, అందుకే పెంచుతున్నారు" అనేవారు ప్రతి కాలనీలోనూ ఒకరుంటారు. నెలకు 4,000 రూపాయలతో విశాఖలో ఒక బిడ్డ తిండి, బడి, బట్ట, వైద్యం వెళ్లదీయగలరేమో లెక్క వేసి చూపమనండి.

పండక్కి ఏం కొన్నా ఆ ఇంట్లోని పిల్లలందరికీ సమానంగా కొనండి. సంక్రాంతికి ఫోస్టర్ బిడ్డకు మాత్రమే కొత్త సైకిలు వస్తే ఆ ఇంట్లో మీరు నిప్పు రాజేసినట్టే.

8. పెద్దవారికి కాస్త ఊపిరి

ఆ దంపతులు ఎంతోకాలంగా ఇద్దరే కూర్చుని కాఫీ తాగి ఉండరు. నెలకు రెండు సాయంత్రాలు, రెండేసి గంటలు, బృందంలోని ఇద్దరు వారింట్లోనే ఉండి పిల్లలను చూసుకోవాలి. బిడ్డను మీ ఇంటికి తెచ్చుకోవడం కన్నా ఇదే నయం, బిడ్డ మంచం, బిడ్డ డబ్బా అన్నీ అక్కడే ఉంటాయి. రాత్రి మరో ఇంట్లో ఉంచాలన్నా, ఊరు దాటి తీసుకెళ్లాలన్నా ముందు డీసీపీయూకు చెప్పి అనుమతి తీసుకోమనండి.

నిద్ర పట్టకపోవడం, చిరాకు, కారణం లేని ఏడుపు పెద్దవారిలోనూ కనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

9. సన్మానం

ఇక శాలువా దగ్గరికి వద్దాం. ఓ కాలనీ సంఘం వార్షికోత్సవానికి ఫోస్టర్ దంపతులను పిలిచి, ఫ్లెక్సీ మీద వారి ఫోటోతో పాటు బిడ్డ ఫోటో కూడా వేయించింది. పెట్టినవారి ఉద్దేశం మంచిదే. కానీ బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న బిడ్డ పేరు, ఫోటో, చిరునామా, బడి వంటి గుర్తుపట్టే వివరాలు ప్రచురించడం నేరం. ఆరు నెలల వరకు జైలు లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. కళ్లు మసకబార్చినా, వెనక నుంచి తీసినా, దంపతుల పేరు, అపార్ట్‌మెంట్ పేరు పక్కనే ఉంటే బిడ్డ ఎవరో తెలిసిపోతుంది.

చట్టం మాట పక్కన పెట్టినా, వేదిక మీద "అనాథకు అమ్మానాన్నలయ్యారు" అని మైకులో వినిపిస్తే, ముందు వరుసలో కూర్చున్న ఆ బిడ్డ మర్నాడు ఆటల్లో ఏ పేరుతో పిలిపించుకుంటాడో ఊహించవచ్చు. కాబట్టి పెద్ద సభ వద్దే వద్దు.

మరి మెచ్చుకోవడం ఎలా? ఉత్తరం రాయండి. చేత్తో, కాగితం మీద. పొగడ్తలు కాకుండా మీరు కళ్లారా చూసిన ఒక్క విషయం రాయండి: "వచ్చిన కొత్తలో లిఫ్టు ఎక్కడానికి జంకేవాడు. మొన్న మా అత్తయ్యగారి కోసం తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మీ ఓపిక మాకు కనిపిస్తోంది." ఇలాంటి ఉత్తరం ఆ ఇంటి బీరువాలో ఏళ్ల తరబడి ఉంటుంది. శాలువాలు ఇప్పటికే అందరిళ్లలో మడతపెట్టి ఉన్నాయి.

జిల్లాలోని ఫోస్టర్ దంపతులు పిల్లలు లేకుండా, కెమెరాలు లేకుండా ఒకరినొకరు కలుసుకునే విందు ఏర్పాటు చేయగలిగితే ఇంకా మంచిది. ఆహ్వానాలు డీసీపీయూ ద్వారానే పంపండి. ఉపన్యాసాలు పెట్టకండి, వాళ్లను మాట్లాడుకోనివ్వండి.

10. కన్నతల్లి వచ్చిన రోజు

కమిటీ అభ్యంతరం లేకపోతే తల్లి చూడటానికి వస్తుంది. తెల్లవారుజామున పాడేరు బస్సెక్కి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి, కలిసే చోటు వెతుక్కునే మనిషి ఆమె. కుటుంబం కోరితే ఆమెను కలిసే చోటికి చేర్చి, భోజనం పెట్టించి, తిరుగు బస్సు ఎక్కించండి. ప్రశ్నలు అడగవద్దు, సలహాలు ఇవ్వవద్దు, ముఖ్యంగా తీర్పులు చెప్పవద్దు.

ఆ సాయంత్రం బిడ్డ అలగవచ్చు, పక్క తడపవచ్చు, పెంచుతున్న అమ్మను కసురుకోవచ్చు. "చూశారా, ఆవిడ రాకపోతేనే నయం" అని వెంటనే తేల్చేయకండి. తల్లి రాక తప్పు అనడానికి అది ఆధారం కాదు. ఆ రోజుకు వంట మీరు పంపండి, ట్యూషన్ మానేయండి.

11. ఏదైనా తేడాగా అనిపిస్తే

బిడ్డ ఒంటి మీద దెబ్బలు, ఆకలి, బడి మాన్పించి పని చేయించడం వంటివి కనిపిస్తే మీరే విచారణ మొదలుపెట్టకండి. ఆ ఇంటివారిని నిలదీయడం, అపార్ట్‌మెంట్ సమావేశంలో పెట్టడం రెండూ బిడ్డకే చేటు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. లైంగిక వేధింపు జరిగిందని తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవడం పోక్సో చట్టం కింద నేరం.

అలాగని అల్లరి చేసినందుకు కేక వేసిన ప్రతి సారీ 1098 తిప్పేయకండి. మీ ఇంట్లో మీ పిల్లల మీద ఎంత గొంతు లేస్తుందో అదే కొలత.

12. బిడ్డ వెళ్లిపోయేటప్పుడు, తర్వాత

ఉత్తర్వు వస్తుంది, కొన్నిసార్లు చాలా తక్కువ వ్యవధితో. అప్పటికే సిద్ధంగా ఉండాల్సినవి:

☐ జిప్పు సరిగ్గా పడే ఒక మంచి సంచి. బట్టల కొట్టు ప్లాస్టిక్ కవర్లలో సామాను కుక్కి పంపవద్దు.
☐ బడి రికార్డులు, టీకాల కార్డు, మందుల చీటీలు, వాటి నకళ్లు
☐ ఈ ఇంట్లో గడిపిన రోజుల చిన్న ఆల్బమ్, బిడ్డ చేతికే ఇవ్వడానికి. ఇంట్లోవారు తీసిన ఫోటోలే, బయట పంచుకోనివి.
☐ అలవాట్ల చీటీ: ఏ పాట పాడితే నిద్రపోతుంది, ఏ కూర ఇష్టం, దేనికి భయం

వెళ్లిన తర్వాత ఆ ఇంటికి ఎవరూ పరామర్శకు రారు, ఎందుకంటే అది చావు కాదు. "మంచిదేగా, వాళ్లమ్మ దగ్గరికే వెళ్లాడు" అంటారు. నిజమే, మంచిదే. అయినా ఆ ఇంటి కూతురు రాత్రి పక్క మంచం వైపు చూసి ఏడుస్తుంది. భోజనాలు పంపడం ఇంకో నెల కొనసాగించండి. "మళ్లీ ఎప్పుడు ఇంకొకరిని తెచ్చుకుంటున్నారు?" అని అడగకండి. వాళ్లే చెబుతారు.

బృందాన్ని రద్దు చేయకండి. కొత్త ఇంటి కోసం డీసీపీయూకు మళ్లీ అదే ఉత్తరం ఇవ్వండి. ఈసారి దాని కింద, కుటుంబం పేరు లేకుండా, మీరు ఇప్పటికే చేసిన పనుల జాబితా కూడా రాయండి.